ఈరమ్మ మీదికి వచ్చిందేంది

ఈరమ్మ పడిపోయిన రోజు మంగళవారం. అదే ఏ బుధవారమో పడి ఉంటే ఎవరో ఇన్ని నీళ్లు మొహాన చల్లి, చక్కెర ఎక్కువ వేసిన చాయ్ తాగించి ఇంటికి పంపేవాళ్లు. మంగళవారం, అదీ పోచమ్మ గుడి ముందర, అదీ కొబ్బరికాయ కొట్టే వేళకు పడింది. ఇంకేముంది, ఊరు ఇన్నాళ్లుగా దేనికోసం ఎదురుచూస్తోందో అది కాళ్ల దగ్గరికే వచ్చి పడింది.

ఊరు దేనికోసం ఎదురుచూసిందో చెప్పాలంటే ముందు పోచమ్మ సంగతి చెప్పాలి. శంషాబాద్ దగ్గర విమానాశ్రయానికి భూములు పోయిన ఊళ్లలో అదొకటి. చేలు పోయాయి, బావులు పోయాయి, చేను గట్టున ఉన్న పోచమ్మ గుడి కూడా కంచె లోపలికి పోయింది. విమానాలు ఎగరకముందే అమ్మవారిని తెచ్చి కొత్త కాలనీ చివర నీళ్ల ట్యాంకు పక్కన నిలబెట్టారు. సిమెంటు గోడలు, ఇనుప గేటు, రంగు బల్బులు, అన్నీ పాతదానికంటే బాగానే కుదిరాయి. కానీ అమ్మ పలకడం మానేసింది. అంతకు ముందు ఏటా శ్రావణంలో బోనాల మరుసటి రోజు దుర్గవ్వ కాల్చని పచ్చి కుండ మీద నిలబడి రంగం చెప్పేది. అమ్మ ఆమె మీదికి వచ్చి వానల గురించి, పంటల గురించి, రాబోయే రోగాల గురించి పలికేది. గుడి మారాక దుర్గవ్వ అదే తీరుగా నిలబడింది. డప్పులు మోగాయి, వేపమండలు ఊగాయి, అమ్మ మాత్రం రాలేదు. మరుసటేడూ రాలేదు. ఆ తర్వాత దుర్గవ్వ మోకాళ్లే పోయాయి.

అమ్మకు దారి దొరకలేదని కొందరన్నారు. విమానాల మోతకు బెదిరిందని ఇంకొందరన్నారు. ఆడవాళ్లు మాత్రం ఒక్కటే మాట మీద ఉన్నారు, అలిగిందని.

అట్లాంటి ఊళ్లో, 2012లో, మిరుగం కార్తె వచ్చినా చినుకు రాలని ఒక మంగళవారం, ఈరమ్మ గుడి ముందు వరుసలో నిలబడి ఉంది. ఉన్నట్టుండి గుండెలో ఏదో మొదలైంది. వేడి చట్టిలో జొన్నలు పోస్తే ఒకటి ముందు, నాలుగు వెనుక, ఒక వరుస లేకుండా పేలినట్టు. గుడి గేటు పక్కకు ఒరిగింది. ఆ తర్వాత ఏమైందో ఆమెకు తెలియదు.

కళ్లు తెరిచేసరికి ఒళ్లంతా పసుపు నీళ్లు, చేతిలో వేపకొమ్మ, నుదుట రూపాయంత బొట్టు. గుడి పెద్ద ఈశ్వరయ్య చేతులు జోడించి ఎవరు తల్లీ నువ్వు, ఏం కావాలె నీకు అని అడుగుతున్నాడు. ఈరమ్మకు నాలుక పిడచకట్టుకుపోయి ఉంది. నీళ్లు, అంది. అంతే. మరునాడు సాయంత్రానికి రోడ్లు మునిగేంత వాన కురిసింది.

ఇక ఆ ఊరిని ఎవరు ఆపగలరు?

పక్కింటి అనంతమ్మ ఆ వార్తను ఇటు మైలార్‌దేవ్‌పల్లి దాకా, అటు కొత్తూరు దాకా చేరవేసింది. అనంతమ్మ మనిషి మంచిదే, కానీ ఆమెకు తెలియని సంగతి ఊళ్లో ఉందంటే ఆ రోజు అన్నం సయించదు. ఈరమ్మ దగ్గర మాత్రం ఒక సంగతి ఉంది, ఏళ్ల తరబడి అనంతమ్మ ఎంత గోకినా బయటపడనిది.

ఈరమ్మ పెనిమిటి పెంటయ్య పోయి అప్పటికి ఆరేడేళ్లు. టీబీ అన్నారు, ఊరు సరేనంది. ఆ తర్వాత కొన్నాళ్లకే ఈరమ్మకు తలపగిలే నొప్పి, మాట తడబాటు, మెడ తిప్పలేకపోవడం. కూతురు కవిత నగరంలోని పెద్ద దవాఖానకు తీసుకుపోతే మెదడు జ్వరం అన్నారు. దాని వెనుక అసలు జబ్బు హెచ్ఐవీ అని ఒక గదిలో తలుపు వేసి చెప్పారు. బతికి బయటపడింది. అప్పటి నుంచి రోజూ ఆ జబ్బుకు గోలీలు, మెదడు జ్వరం మళ్లీ రాకుండా ఒక తెల్ల గోలీ. బియ్యం డబ్బాలో దాచుకుని, స్నానాల గది తలుపు గొళ్లెం వేసుకుని మింగేది. నెల నెలా మందులకు పోవాలి కదా, బుద్వేల్‌లో ఉన్న బిడ్డను చూడటానికి అని చెప్పి బస్సెక్కేది.

ప్రతి నెలా బిడ్డ దగ్గరికి ఉరుకుతవు, నెలకోసారి కాన్పయితదా ఏంది నీ బిడ్డకు, అని అనంతమ్మ ఎత్తిపొడిచేది. ఈరమ్మ నవ్వి ఊరుకునేది. ఆ నవ్వు వెనుక ఎంత వణుకు ఉండేదో ఆమెకే తెలుసు.

పని మాత్రం మానలేదు. పచ్చ కోటు తొడుక్కుని, విమానాశ్రయం రోడ్డు మధ్యలో నాటిన పూలచెట్లకు కలుపు తీసేది, పాదులు చేసేది. అటు కార్లు, ఇటు కార్లు, నెత్తిమీద విమానాలు, మధ్యలో ఒక మూర వెడల్పు మట్టి. తమ జొన్న చేను ఆ కంచెలో ఎక్కడ ఉండేదో మొదట్లో తోటివాళ్లకు చెయ్యెత్తి చూపించేది. తర్వాత తర్వాత గుర్తు దొరక్క మానుకుంది.

పడిపోయిన రోజు తర్వాత ఆమె బతుకు తిరగబడింది. పెంటయ్య పోయాక ఏ శుభకార్యానికీ ఎదురు రాకూడని మనిషికి, ఇప్పుడు పొద్దున వాకిలి ఊడుస్తుంటే ఎదురొచ్చి దండం పెట్టేవాళ్లు. పేరంటాల్లో మూలన కూర్చున్న మనిషిని ముందు చాప మీద కూర్చోబెట్టారు. పిల్లలకు జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి పెట్టమని తెచ్చేవాళ్లు. ఈరమ్మ చెయ్యి పెట్టేది, పెట్టి ఇంట్లోకి పోయి ఏడ్చేది. అమ్మ తనను ఎందుకు ఏరుకుంది? ఈ పాడు జబ్బు ఉన్న ఒంట్లోకా రావడం? అమ్మకు తెలియకుండా ఉంటుందా? తెలిసే వచ్చిందంటే తనలో మైల లేదనే కదా. ఆ ఒక్క ఆలోచన ఆమెకు ఎన్ని గోలీలూ ఇవ్వని ప్రాణం ఇచ్చింది. నమ్మింది. మనసారా నమ్మింది.

అయితే, పసుపు నీళ్లు బిందెలకు బిందెలు నెత్తిన పోస్తే ఏమవుతుంది? జలుబు పట్టింది, గొంతు పట్టింది, దగ్గు దిగింది. కాలనీ ముందర సందులో రాఘవేందర్ అని ఆరెంపీ డాక్టరు ఉన్నాడు. ఊరంతటికీ ఆయనే. ఈరమ్మకు గొంతు తగ్గడానికి గోలీల పట్టీ ఇచ్చాడు. ఇంకేమైనా మందులు మింగుతున్నవా అక్కా అని అడిగాడు కూడా. ఏం లేదు తమ్మీ, అంది. ఏమని చెబుతుంది? ఆయన కొట్టులో ముగ్గురు కూర్చుని ఉన్నారు, అందులో ఒకామె అనంతమ్మ.

నిజానికి మొదటిసారి పడిపోయే ముందు కూడా దగ్గుకు ఆయన దగ్గర అవే గోలీలు తీసుకుని ఉంది. కానీ ఎవరు కలిపి చూస్తారు? గోలీలు మింగింది, వాటితో కడుపు చెడి నీళ్ల విరేచనాలయ్యాయి, మంగళవారం గదా అని పొద్దుటి నుంచి పస్తు ఉంది, గుడి ముందు మళ్లీ పడింది. మళ్లీ పసుపు నీళ్లు పోశారు. మళ్లీ దగ్గు పట్టింది. మళ్లీ రాఘవేందర్ పట్టీ ఇచ్చాడు. గానుగెద్దు తిరిగినట్టు ఇదంతా ఒక చుట్టు తిరుగుతోందని ఆ ఊళ్లో ఏ ఒక్కరికీ తట్టలేదు, ఈరమ్మకు అసలే తట్టలేదు.

నెల మందులకు పోయినప్పుడు దవాఖానలో ఏమన్నా తకలీఫ్ ఉందా అని అడిగితే, మంచిగనే ఉన్న అంది. అమ్మ సంగతి దవాఖానలో చెప్పేదేనా?

రెండోసారి పడ్డాక ఈశ్వరయ్య ఊరి పెద్దలను పిలిచి మాట ఖాయం చేశాడు. ఈసారి బోనాలకు రంగం ఈరమ్మ చెప్పాలి. శనివారం పొద్దుగూకినప్పటి నుంచి సోమవారం కుండ దిగేదాకా పచ్చి గంగ ముట్టకూడదు.

తర్వాత ఒక గురువారం, రోడ్డు మధ్యలో పాదులు తీస్తుండగా ఈరమ్మ గుండెలో మళ్లీ జొన్నలు పేలాయి. పార చేతిలోంచి జారింది. కళ్లు తెరిస్తే నీళ్ల ట్యాంకరు నీడలో పడుకోబెట్టి ఉంది. సూపర్‌వైజర్ జగదీశ్, అత్తాపూర్ పిల్లగాడు, మొహాన నీళ్లు చల్లుతున్నాడు. ఎవరూ దండం పెట్టలేదు. ఎవరి చేతిలోనూ వేపకొమ్మ లేదు. కార్లు ఆగకుండా పోతున్నాయి.

"పొద్దుగాల తినలేదా అక్కా?" అన్నాడు.

"తిన్న బిడ్డా."

"మరి గట్లెట్ల పడ్డవ్? గుండె చూపించుకో జర. పారమీద పడి ఉంటే ఏమైతుండె?"

ఆ పిల్లగాడికి పోచమ్మ సంగతి తెలియదు, రంగం తెలియదు. మామూలు మనిషి పడితే మామూలు మనిషి అడిగేది అడిగాడు. ఆ మాట ఈరమ్మ చెవిలో ముల్లులా దిగింది. గురువారం నాడు, డప్పు లేకుండా, దీపం లేకుండా, డాంబరు రోడ్డు మీద అమ్మ ఎందుకు వస్తుంది? వస్తే మాత్రం పార మీదికి తోస్తుందా?

అప్పటి నుంచి ఆమెకు కూర్చుంటే నిలబడాలని, నిలబడితే నడవాలని అనిపించింది. అన్నం ముందర పెట్టుకుని గుండె మీద చెయ్యి వేసుకునేది. ఒక దెబ్బ గట్టిగా పడితే ఇదేనా అని, ఒక దెబ్బ తప్పితే ఇక ఇదేనని. అమ్మ అయితే భయమెందుకు, జబ్బయితే దండాలెందుకు? ఆఖరికి కవితకు ఫోను చేసి పడటం గురించి మొత్తం చెప్పింది. ఎన్నిసార్లు పడ్డవే, నాకెందుకు చెప్పలేదని బిడ్డ ఫోనులోనే ఏడ్చింది. దండాలు పెట్టించుకోవడం బాగుండె బిడ్డా అని ఎట్లా చెబుతుంది?

కవిత వచ్చి దవాఖానకు తీసుకుపోయింది. అక్కడ ఆ రోజు డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ గుంటూరు వైపు మనిషి. పడిపోయానని చెప్పగానే ఈరమ్మను నడవనివ్వలేదు, బండి మీద పడుకోబెట్టి ఛాతీకి వైర్లు తగిలించి గుండె గీత తీయించింది. ఆ కాగితం రెండుసార్లు చూసింది.

"అమ్మా, మేమిచ్చే మందులు కాక ఇంకేం వేసుకుంటున్నారు? తిట్టను, చెప్పండి."

ఈరమ్మ బొడ్డు సంచిలోంచి రాఘవేందర్ ఇచ్చిన పట్టీ తీసి ఇచ్చింది. సగం గోలీలు అయిపోయి ఉన్నాయి. డాక్టరమ్మ దాన్ని తిప్పి చూసి తల పట్టుకుంది.

తర్వాత ఆమె నిదానంగా చెప్పుకొచ్చింది. గుండె ఒకసారి కొట్టుకున్నాక రెప్పపాటు దమ్ము తీసుకోవాలి, అప్పుడే రెండో దెబ్బకు తయారవుతుంది. తెల్ల గోలీ ఆ దమ్మును కొంచెం సాగదీస్తుంది. గొంతు గోలీ కూడా అదే చేస్తుంది. దేనికది మంచి మందే, రెండూ కలిస్తే సాగి సాగి, దమ్ము ముగియకముందే తర్వాతి దెబ్బ వచ్చి పడుతుంది. అప్పుడు గుండె కొట్టుకోదు, వణుకుతుంది. మెదడుకు నెత్తురు అందక మనిషి పడిపోతుంది. విరేచనాలయినా, పస్తులున్నా ఒంట్లో ఉప్పులు తగ్గి అది ఇంకా తొందరగా వస్తుంది. ఈ జబ్బు ఉన్నవాళ్ల గుండె ముందే అలిసిన గుండె, మిగతావాళ్ల కంటే తొందరగా తప్పటడుగు వేస్తుంది. కొందరు పడి లేస్తారు. కొందరు లేవరు.

ఈరమ్మకు గుండె గీత అర్థం కాలేదు కానీ మాట అర్థమైంది. వడ్లు దంచేటప్పుడు ఇద్దరు ఆడవాళ్లు ఒకే రోట్లో దంచుతారు. ఒకరి రోకలి లేచాకే రెండోది దిగాలి. లేవకముందే దిగిందంటే రోకలికి రోకలి తగిలి చేతులు చిమచిమలాడతాయి, వడ్లు మాత్రం దంగవు. తన లోపల అదే అవుతోంది.

దవాఖానలో ఉంచుకుని, సెలైన్లు ఎక్కించి, గీత కొంచెం సర్దుకున్నాక పంపించారు. మా మందులు మానొద్దు, మాకు చూపకుండా ఇంకొకరి గోలీ ముట్టొద్దు, నీళ్లు బాగా తాగాలి, పస్తు మాత్రం ఉండనే ఉండొద్దు. ఆ ఆఖరి మాటకు ఈరమ్మ గుండె ఏ గోలీ లేకుండానే దడదడలాడింది. బోనాలు వచ్చే ఆదివారమే.

ఊళ్లో ఎవరినీ చూడబుద్ధి కాలేదు. ఏదన్నా సాకు చెప్పి బుద్వేల్ పోదామా అనుకుంది. పోతే ఈ ఆదివారం దాటుతుంది, మళ్లీ మంగళవారం దాటదు. ఒంట్లో బాగాలేదంటే అమ్మకు కోపమొచ్చిందని ఇంకో పది బిందెలు పోస్తారు. ఎవరికో ఒకరికి చెప్పాలి. చెప్పదగ్గ మనిషి ఒక్కతే కనిపించింది.

దుర్గవ్వ నులక మంచం మీద కూర్చుని వక్క కొరుకుతోంది.

"అవ్వా, అమ్మ వచ్చినప్పుడు ఎట్లుంటుండె నీకు?" అని అడిగింది ఈరమ్మ.

"ఒళ్లు కాలుతది బిడ్డా. నలుగురు పట్టినా ఆగను. ఎందుకు, నీకెరుక లేదా?"

"నాకు గట్ల కాలేదు. సల్లగ ఐపోత. ఏం యాదికుండది."

దుర్గవ్వ వక్క నమలడం ఆపింది. ఈరమ్మ దవాఖాన సంగతి చెప్పింది, గుండె సంగతి, రెండు గోలీల సంగతి, పస్తు ఉండొద్దన్న సంగతి. ఏ జబ్బుకు మందులో మాత్రం దాటేసింది.

"పెంటయ్యకు ఐందేనా?" అంది దుర్గవ్వ.

ఎవరన్నా విన్నారేమోనని ఈరమ్మ వాకిలి వైపు తిరిగి చూసింది.

"ఊకో. నాకెప్పుడో ఎరుకే. నేనెవరికన్న చెప్పిన్నా? చెప్ప."

ఈరమ్మకు ఎందుకో ఒంట్లోంచి ఒక బరువు దిగినట్టయింది. ఇక అవ్వే ఈశ్వరయ్యకు చెబుతుంది, కుండ తప్పుతుంది అనుకుంది. కానీ ముసలామె కళ్లు ఇంకెక్కడో ఉన్నాయి.

"ఐతే అమ్మ రాలేదంటవు."

"రాలేదవ్వా."

"నీ మీదికి వచ్చిందన్ననాడు నాకెంత కడుపు మండిందో ఎరుకనా? దినమంత అన్నం తినలే. మల్ల అనుకున్న, నా మీదికి రాకుంటె పాయె, వచ్చింది గద. దారి దొరికింది గద. ఇప్పుడు నువ్వు గది గూడ లేదంటున్నవ్."

ఈరమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. దుర్గవ్వ ఆ చేతిని గట్టిగా బిగించి, గొంతు తగ్గించి, ఒక్కసారికి నిలబడమంది. తాను పక్కనే కూర్చుంటుంది, ఏం పలకాలో అందిస్తుంది. ఊరు ఆరేళ్లుగా పరేషాన్‌లో ఉంది, ఒక్కసారి కడుపు చల్లబడనీ అంది.

"ఒక్కపొద్దుకు ఎవలూ చావరు బిడ్డా."

"నేను చస్తనేమో అవ్వా."

దుర్గవ్వ చెయ్యి వదిలేసి గోడవైపు తిరిగి పడుకుంది.

శనివారం సాయంత్రం ఈరమ్మ తలుపు వేసుకుని అన్నం తిన్నది. దొంగతనంగా తిన్నట్టు అనిపించింది. ఇప్పటికే గోలీలు దొంగతనంగా మింగుతోంది, ఇక అన్నం కూడానా? తిని, కడుపులో అన్నంతోనే రంగం చెబితే? పోచమ్మ పేరు మీద అబద్ధమా? దుర్గవ్వ అందించిన మాటలు అమ్మ మాటలని పిల్లల తల్లులు కొంగున కట్టుకుని పోతారు. ఆ తల్లుల మొహాలు చూడగలదా? చావుకు భయపడుతున్నానా, అబద్ధానికి భయపడుతున్నానా అని తనను తానే అడుగుతూ ఇల్లంతా తిరిగింది. గిన్నెలు తోమినవే మళ్లీ తోమింది.

ఆదివారం పొద్దున ఊరంతా అలికి ముగ్గులు పెట్టుకుంటుంటే ఈరమ్మ అన్నం వండింది, పప్పుచారు కాచింది, ఉల్లిగడ్డ కోసుకుంది. కంచం తీసుకుని ఇంట్లో కూర్చోలేదు. బయటకు వచ్చి మెట్ల మీద, అందరికీ కనబడేటట్టు కూర్చుంది.

మొదట చూసింది అనంతమ్మే. పసుపు కుంకుమ పళ్లెం పట్టుకుని, ఈరమ్మ పాదాలకు పసుపు రాయడానికే వస్తోంది.

"ఏం చేస్తున్నవ్ వదినె?"

"తింటున్న."

"కనబడుతున్నది తియ్. ఇయ్యాల ఏంది?"

"బోనాలు."

"ఎరుకయ్యే తింటున్నవా?"

"ఎరుకయ్యే."

అనంతమ్మ పళ్లెం అక్కడే పెట్టి పరుగెత్తింది. ఆమె కాళ్లకు పరుగు నేర్పించాలా? ఈరమ్మ నాలుగు ముద్దలు తినేలోపు ఈశ్వరయ్య, ఆయన వెనుక పది పన్నెండు మంది వచ్చి మెట్ల ముందు నిలబడ్డారు. ఒకామె దూరం నుంచే శాపనార్థాలు మొదలుపెట్టింది. ఈరమ్మ తినడం ఆపలేదు. ఆపితే మళ్లీ ఎత్తగలనన్న నమ్మకం లేదు.

ఈశ్వరయ్య మందిని ఊరుకోమని సైగ చేశాడు. "ఏందమ్మా ఇది?" అన్నాడు.

"నాకు గుండె జబ్బు మామా. మందులకు మందులు పడక పడుతున్న. పస్తుంటే మల్ల పడత, లేవకపోవచ్చు గూడ. దవాఖానల చెప్పిన్రు."

"దవాఖానోల్లకు అమ్మ సంగతేం ఎరుక?"

"వాల్లకు ఎరుక లేదు. నాకెరుకనే గద. అమ్మను నేను లేదంటలేను మామా. నా మీదికి రాలేదంటున్న."

"మరి నీళ్లన్నవ్. వాన పడ్డది."

"దూపయింది మామా. నీళ్లన్న."

నెత్తిమీద ఒక విమానం పోయింది, అది దూరమయ్యేదాకా అందరూ అట్లాగే నిలబడ్డారు. మీసం మీద చెయ్యి వేసుకుని ఈశ్వరయ్య నేలకేసి చూస్తున్నాడు. ఆయన కోపంగా లేడు. వడ్డించిన విస్తరి ఎవరో ఎత్తుకుపోయినవాడిలా ఉన్నాడు.

ఈరమ్మ చెయ్యి కడుక్కుని లోపలికి పోయింది. మందులు బియ్యం డబ్బాలోంచి తీసింది. స్నానాల గది దాకా పోయి, గొళ్లెం మీద చెయ్యి వేసి ఆగింది. తిరిగి మెట్ల మీదికే వచ్చి కూర్చుని గోలీలు అరచేతిలో పోసుకుంది.

"ఏం గోలీలవి?" అంది అనంతమ్మ. అడగకుండా ఉండలేదు కదా.

"నేను బతికే గోలీలు."

అనంతమ్మ ఆ గోలీలను చూసింది, ఈరమ్మ మొహం చూసింది. నెల నెలా బుద్వేల్ ప్రయాణాలు, పెంటయ్య టీబీ, అన్నీ ఆమె మొహం మీద ఒకదాని వెంట ఒకటి వచ్చి కూర్చోవడం ఈరమ్మ చూస్తూనే ఉంది. ఇక అయిపోయింది అనుకుంది. అనంతమ్మ నోరు తెరిచింది, మూసింది. చుట్టూ ఉన్నవాళ్ల వైపు తిరిగి, ఏం చూస్తున్నరు, మనిషి మందు మింగుతుంటే చూసుడేంది, పొండ్రి, బోనాలకు తయారు కాండ్రి అని కసిరింది. మెట్ల మీదున్న చెంబు చూసి, నీళ్లు లేవు గదనే దీంట్ల, అని సణుగుతూ తన ఇంటికి పోయి చెంబెడు నీళ్లు తెచ్చి పెట్టింది. పెట్టి, ఒక్క ప్రశ్న కూడా అడగకుండా వెళ్లిపోయింది. అది ఆమెకు ఎంత కష్టమై ఉంటుందో ఈరమ్మకు తెలుసు.

సోమవారం గుడి ముందు పచ్చి కుండ పెట్టారు. దుర్గవ్వను కుర్చీతో సహా మోసుకుపోయారట. నిలబడలేక కుండ మీద చెయ్యి వేసి కూర్చుందట. డప్పులు కొట్టీ కొట్టీ అలిసిపోయాయి, అమ్మ పలకలేదు. ఈరమ్మ వల్లనే అన్నవాళ్లున్నారు. ఎదురొచ్చి దండం పెట్టినవాళ్లలో కొందరు పక్క సందులోంచి పోవడం మొదలుపెట్టారు. పిల్లలను తేవడం మానేశారు. ముందు చాప మీది చోటు పోయింది. అది పోతుందని తెలిసే కూర్చుంది మెట్ల మీద, అయినా పోయాక బాధ పడింది. దండం పెడితే ఎవరికి చేదు?

ఎవరూ లేని వేళ చూసుకుని రాఘవేందర్ కొట్టుకు పోయి తన జబ్బు పేరు చెప్పింది, మందుల పేర్లు చూపించింది. ఆయన మొహం పాలిపోయింది. గోలీల సంగతి ఎవరికీ చెప్పకు అక్కా అని బతిమాలాడు. నా సంగతి నువ్వు చెప్పకు తమ్మీ అంది ఈమె. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వలేక నవ్వుకున్నారు.

దవాఖానలో మళ్లీ గుండె గీత తీశారు. ఇప్పుడు చాలావరకు సరిగా ఉందని, అయినా వస్తూ ఉండాలని డాక్టరమ్మ చెప్పింది. ఇక రాదా అని అడిగితే, రాదని రాసివ్వలేను, జాగ్రత్తగా ఉంటే తక్కువ, అంది. ఆ మాట పట్టుకునే ఈరమ్మ రోజులు గడుస్తున్నాయి. పాదులు తీస్తూ మధ్యలో ఆగి గుండె వింటుంది. విమానం మోతలో ఏమీ వినపడదు.

శ్రావణం ఇంకా మిగిలి ఉండగా ఒక ఆదివారం ఆమె తన సొంత బోనం వండుకుంది. ముందు తాను కడుపునిండా తిన్నది, మందులు వేసుకుంది, కుండకు సున్నం పూసి పసుపు బొట్లు పెట్టి నెత్తికెత్తుకుంది. డప్పు లేదు, తోడు లేదు. ట్యాంకు దగ్గరి ఎత్తు ఎక్కుతుంటే గుండె జోరందుకుంది. రోకళ్లు ఒకదాన్నొకటి తరుముతున్నాయి. బోనం దించి రాయి మీద కూర్చుంది. అటు పోయే ఇద్దరు ఆడవాళ్లు ఆమెను చూసి అడుగు ఆపారు, పడుతుందేమోనని. ఈరమ్మ సీసాలోంచి నీళ్లు తాగి, కళ్లు మూసుకోకుండా వాళ్లనే చూస్తూ కూర్చుంది. జోరు తగ్గింది, ఎత్తు ఎక్కిన ఆయాసమేనేమో. వాళ్లు పోయారు.

ఆమె లేచి బోనమెత్తుకుని గుడి లోపలికి పోయింది. అమ్మ ముందు కుండ దించి, చెంగుతో మొహం తుడుచుకుని, ఎవరికీ వినపడనంత మెల్లగా అంది:

"తినొచ్చిన తల్లీ. ఏమనుకోకు."